మౌనస్వామి నీళ్ళు తాగిన తీరు

బళేపేట, బెంగళూరు
22 ఫిబ్రవరి 1942

అత్తకు, భాగీరథి నమస్కారాలు.

నీ జాబు అందింది. అక్షరాలు ఈసారి గీత మీద నిలబడ్డాయి. నేను నేర్పిన అక్షరాలతో నువ్వు ఒక పేజీ నింపావని మొదటిసారి చదివినప్పుడు గర్వపడ్డాను. రెండోసారి చదివాక గర్వం పోయి దిగులు పట్టుకుంది.

గంగిరెద్దులవాడిని కూడా గడప దగ్గరికి రానివ్వని దానివి. మామ పోయినప్పటినుంచి పరాయి మగవాడికి నీ పంచలో చోటు ఇచ్చిందే లేదు. అలాంటిది, సంతపాకలో జ్వరంతో పడి ఉన్న మౌనస్వామిని తెచ్చి మగ్గం పక్క గదిలో పడుకోబెట్టానని, కొత్త చాప కొన్నట్టు ఒక్క వాక్యంలో రాశావు. ఎందుకు తెచ్చావు? ఆయనది ఏ ఊరు? మాట్లాడని మనిషి ఊరు ఎవరికి తెలుస్తుందని అంటావు. నా అనుమానం కూడా అక్కడే.

చెంబుకు నోరు పెట్టి నీళ్ళు తాగాడని కూడా రాశావు. ఎంగిలి అంటే తెలియని స్వామిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడ సింగపూరు పడిపోయిన దగ్గరనుంచి ఎవరికీ స్థిమితం లేదు. బడి కిటికీ అద్దాలకు కాగితం పట్టీలు అంటించాం. మా తరగతి పిల్లలు సైరన్ ఆట ఆడుతున్నారు. బజారులో కొత్త మొహం కనబడితే అందరూ తిరిగి చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను.

నీ కొడుకు సంగతి కనుక్కుందామని సాపర్ల పటాలం ఆఫీసుకు మళ్ళీ వెళ్ళాను. గుమాస్తా నన్ను చూడగానే తల అడ్డంగా ఊపాడు. "ఆఫ్రికా ఎడారిలో, సొల్లూం దగ్గర కనిపించకుండా పోయాడు. అంతకు మించి కాగితం రాలేదమ్మా" అన్నాడు. కదిరప్ప బావను శత్రువులు ఖైదు చేశారా అంటే, అదీ తెలియదట. నాన్న వేరే సంబంధం మాట ఎత్తితే చెప్పినట్టే నీకూ చెబుతున్నాను. ఏదో ఒక కాగితం వచ్చేదాకా నేను ఆగుతాను.

జవాబు వెంటనే రాయి.

భాగీరథి


మగ్గాల వీధి, దొడ్డబళ్ళాపురం
గురువారం

చిరంజీవి భాగీరథికి అత్త అంజినమ్మ దీవెన.

నువ్వు పంతులమ్మ అయినాక జాబు నిండా ప్రశ్నలే ఉండాయి. నేను నీ బడిపిల్లను కాదు.

స్వామికి జ్వరం తగ్గింది. లేచి కూర్చుంటా ఉండాడు. పక్కింటి జయరామప్ప పొద్దున్నే వచ్చి కాళ్ళకు మొక్కి, ఆమీదనే మగ్గంలో దిగతాడు. ఆ స్వామి సంగటి తినేది నువ్వు చూడల్ల. ముద్ద మింగడు, నమలతాడు! నమిలి నమిలి అదంతా పళ్ళకు అంటుకొని, నోరు తెరవలేక బొమ్మ మాదిరి కూర్చుంటాడు. "హిమాలయంలో రాగులు పండవు గదక్కా, పాపం ఆయనకేం తెలుసు" అన్నాడు జయరామప్ప. "నీకు మాత్రం హిమాలయం ఏం తెలుసప్పా, యలహంక దాటినోడివా" అన్నాను.

బారెడు పొద్దెక్కేదాకా లేవడు. జయరామప్ప అది నిద్ర కాదు సమాధి అంటాడు. గురక పెట్టే సమాధి నేను ఇదే చూడడం. ఆకాశంలో విమానం పోతే మా చెవులకు ఇంకా వినపడకముందే తల ఎత్తతాడు. అదీ మహిమే అంట.

చెంబుకు నోరు పెట్టింది జ్వరంలో తెలీక. దాన్ని పట్టుకొని పీకద్దు.

కదిరిగాని సంగతి ఆ గుమాస్తా నోట మంచిమాట ఎప్పుడు వస్తాదో. నువ్వు వేళకు తిను. చిక్కిపోయినావు.

అంజినమ్మ


బళేపేట, బెంగళూరు
28 ఫిబ్రవరి 1942

అత్తకు,

నీ జాబు చదివి నవ్వుకున్నాను. మరునాడే బడిలో ఆ నవ్వు ఆగిపోయింది.

పెద్ద పంతులమ్మగారు మమ్మల్నందరినీ పిలిచి ఒక నోటీసు చదివి వినిపించారు. ఇక్కడి ఇటలీ ఖైదీల క్యాంపునుంచి ఒకడు తప్పించుకున్నాడట. మామూలు సైనికుడు కాదు, బాంబులు వేసే విమానం నడిపినవాడు. మనవాళ్ళు విమానాన్ని కూల్చి పట్టుకున్నారు. పొడుగు మనిషి, బూడిదరంగు కళ్ళు, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. గోవా చేరితే అది వేరే దొరతనం కాబట్టి ఎవరూ పట్టుకోలేరు, అందుకని పల్లెల గుండా ఉత్తరంగా నడుస్తూ ఉండవచ్చునట. అన్నం పెట్టినా, చోటు ఇచ్చినా జైలు. ప్రభుత్వోద్యోగం చేసేవాళ్ళ బంధువులైతే ఆ ఉద్యోగం కూడా పోతుందని ఆవిడ కళ్ళద్దాల మీదుగా మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని నీకు తెలుసు.

అందుకని మూడే అడుగుతున్నాను. స్వామి కళ్ళ రంగు ఏమిటి? ఎడమ చేతి మీద ఏముంది? నువ్వు ఆయన్ని ఎందుకు ఇంటికి తెచ్చావు?

భాగీరథి


మగ్గాల వీధి, దొడ్డబళ్ళాపురం
మంగళవారం

చిరంజీవి భాగీరథికి,

స్వామి కళ్ళు కళ్ళ మాదిరే ఉండాయి. చేతులు రెండు ఉండాయి. కాషాయం నిండుగా కప్పుకొని ఉంటాడు. పరాయి మగోడి చేతులు విప్పి చూసే అలవాటు మన ఇండ్లలో లేదు.

నీకు ఈ పోలీసు ప్రశ్నలు ఎవరు నేర్పినారు? నువ్వు ఉండే ఇంటి రత్నమ్మకు ఒక తమ్ముడు ఉండాడు గదా, వెంకటరమణ. నిన్ను బడి దాకా దిగబెట్టతా ఉండాడని చిక్కపేటకు పోయినోళ్ళు చెప్పినారు. అతను ఏం పని చేస్తాడు? నా జాబులు అతనికి చదివి వినిపిస్తా ఉండావా? నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను.

క్వినైను మాత్రలు దొరికితే పంపు. నాకే, చలిజ్వరం మాదిరి ఉండాది.

అంజినమ్మ


బళేపేట, బెంగళూరు
5 మార్చి 1942

అత్తా,

ఈ జాబు టపాలో వేయడం లేదు. జయరామప్ప చీరలు అమ్మడానికి చిక్కపేటకు వచ్చాడు, అతని చేతికి ఇచ్చి పంపుతున్నాను. అతనికి చదవడం రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నువ్వు మొన్న పంపిన కవరు అంచు విప్పి మళ్ళీ అంటించి ఉంది. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఎవరు విప్పారో తెలియదు. సర్కారువాళ్ళు కావచ్చు. నువ్వు అన్నట్టు ఈ ఇంట్లోవాళ్ళూ కావచ్చు. ఆ రోజునుంచి వెంకటరమణ ఎదురొస్తే తప్పుకుని పోతున్నాను. అతను పోస్టాఫీసులో పనిచేస్తాడు. ఆ సంగతి నీకు ముందే రాయవలసింది.

నీ గొంతు నాకు తెలుసు. నీకు జ్వరం వస్తే మాత్రలు అడిగేదానివి కాదు, మిరియాల కషాయం కాచుకుని మగ్గంలో దిగేదానివి. మాత్రలు అతనికి. పొట్లంలో పెట్టాను. వాటితో పాటు అతన్నీ పంపించెయ్. రేపే పంపించు.

ఆ నోటీసులో ఇంకొక వాక్యం ఉంది. అది నీకు రాయలేదు, ఇప్పుడూ రాయను. అది తెలిస్తే అతనికి నీ చేతి సంగటి పెట్టగలవా లేదా అన్నది నాకు తెలియదు. ఏ జవాబైనా నాకు భయమే.

భాగీరథి


మగ్గాల వీధి, దొడ్డబళ్ళాపురం
సోమవారం, జయరామప్ప చేత

భాగీరథీ,

నిజం అడిగినావు గదా, చదువుకో.

వాడు స్వామి కాడని మొదటి దినమే తెలుసు నాకు. సంతపాకలో మజ్జిగ పోద్దామని పోయినాను. పక్కన ఎవరూ లేరు. జ్వరంలో ఏదేదో అంటా ఉండాడు. మాట్లాడని స్వామి మాట్లాడతా ఉండాడే అని వంగి విన్నాను. నాకు తెలియని మాటల నడుమ ఒక్కటి తెలిసిన మాట వచ్చింది. సొల్లూం.

ఎనిమిది నెలలుగా ఆ మాట నేను నోట్లో పెట్టుకొని తిరగతా ఉండాను. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి చెప్పిన ఊరి పేరు. మగ్గం మీద కూర్చుంటే అదే, నీళ్ళు తోడితే అదే. మన సీమలో ఆ పేరు నాకూ నీకూ తప్ప ఎవరికీ రాదు. వాడికి ఎట్ల వచ్చింది? వీధి వినేలోపల ఎత్తుకొని పోవల్ల అనుకున్నాను. జయరామప్పను పిలిచి, స్వామి చస్తే ఊరికి అరిష్టం అన్నాను. మోసుకొని వచ్చినాడు.

ఎడమ చేతి మీద మచ్చ ఉండాది. మోచేయి దాకా. కళ్ళు బూడిదే.

పొయ్యికాడ బూడిద పరిచి వేలితో విమానం గీసి చూపించినాడు. అది కింద పడింది గీసినాడు. ఇంకా గీసినాడు, అది వద్దులే.

వీధిలో ఎవరికీ అనుమానం రాకూడదని చెంబు ఎత్తి పోసుకునేది నేర్పినాను. మొదట్లో ముక్కులో పోసుకొని దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకొనేవాడు. కదిరిగాడు మూడేండ్లప్పుడు అట్లనే దగ్గేవాడు. ఇప్పుడు చుక్క కింద పడకుండా తాగతాడు. ముద్ద మింగేది మాత్రం రాలేదు.

వాడికి కొంచెం ఇంగ్లీషు వస్తాది. నాకు రాదు. ఈ వంశంలో ఇంగ్లీషు వచ్చింది నీకొక్కదానికే. ఉగాదికి రా. వాడిని ఒక్కటే అడగల్ల. నా కొడుకు ఆ ఊర్లో ఏమైనాడు? అది అడిగినాక పంపించేస్తాను. అంతవరకు సర్కారు వచ్చినా పంపను.

అంజినమ్మ


బళేపేట, బెంగళూరు
9 మార్చి 1942

అత్తా,

జయరామప్ప గడపలోనే నిలబడి ఉన్నాడు, అతన్ని ఆపి నాలుగు మాటలు రాస్తున్నాను.

వస్తాను. నా ఉద్యోగం గురించి ఇక నీకు రాయను. అతన్ని నేను నమ్మను. తప్పించుకోవాలనుకునేవాడు నీకు ఏది ఇష్టమో అదే చెబుతాడు. కొడుకు బతికి ఉన్నాడంటే ఇంకో నెల సంగటి పెడతావని అతనికి తెలియదా? అందుకని నువ్వు ముందుగా ఏమీ చూపించకు, బావ పటం లోపల పెట్టెయ్. నేను అడుగుతాను, అతను చెబుతాడు, నీకు తెలుగులో చెబుతాను. అడిగేది ఒక్కసారే.

భాగీరథి


బళేపేట, బెంగళూరు
19 మార్చి 1942, జయరామప్ప చేత

అత్తకు,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన ఒబ్బట్లు రత్నమ్మగారికీ పెట్టాను. వెంకటరమణ రెండు తిన్నాడు.

ఉగాది రోజు నేను చెప్పడం కాగానే నువ్వు లేచి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయావు. సరిగా వినలేదేమోనని ఇంకోసారి రాస్తున్నాను. సొల్లూం దారిలో మనవాళ్ళను చాలామందిని ప్రాణాలతో పట్టుకున్నారని, తన కళ్ళతో చూశానని అతను చెప్పాడు. లారీలలో ఎక్కించారట. ఎక్కించేముందు అందరికీ నీళ్ళు ఇచ్చారట. ఎవరినీ కొట్టలేదట. వాళ్ళను ఓడలో ఇటలీకి తీసుకువెళ్ళి ఉంటారని, అక్కడినుంచి జాబులు రావడానికి ఏడాది పైన పడుతుందని చెప్పాడు. సాపర్ల టోపీలు కూడా గుర్తుపట్టాడు. ఇంత వివరంగా చెప్పేవాడు అబద్ధం చెప్పి ఉండడు. నేను అనవసరంగా అనుమానించాను.

కాబట్టి నువ్వు బెంగపెట్టుకోకు. మాట ఇచ్చినట్టు అతన్ని పంపించెయ్.

భాగీరథి


బళేపేట, బెంగళూరు
31 మార్చి 1942

అత్తకు, నమస్కారాలు.

నీ దగ్గరనుంచి జాబు లేదు. జయరామప్ప చిక్కపేటకు రావడం మానేశాడు. శ్రీరామనవమి మీ వీధిలో ఎలా జరిగింది? పానకం అందరికీ సరిపోయిందా?

చిక్కపేటలో చీరల కొట్టువాళ్ళు మీ ఊరి దొంగస్వామి గురించి ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నేను నిలబడి వినలేదు. టపాలో ఇంతకంటే రాయలేను. ఒక్కటి మాత్రం రాస్తాను, విప్పి చదివేవాళ్ళు కూడా చదువుకోవచ్చు. నేను ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. నువ్వు అలా అనుకుంటున్నావేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నువ్వే చెప్పి ఉంటావా అని కూడా అనిపిస్తోంది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

భాగీరథి


మగ్గాల వీధి, దొడ్డబళ్ళాపురం
సోమవారం, జయరామప్ప చేత

భాగీరథీ,

నువ్వే చెప్పినావని మూడు దినాలు అనుకున్నాను. ఆ పోస్టాఫీసు పిల్లోడికి చెప్పి ఉంటావని తిట్టుకున్నాను కూడా. మొదట నీ మీద కోపంతోనే జాబు రాయలేదు, ఆమీద తెచ్చేవాడు లేక. అట్ల కాదు. విను.

నవమినాడు జయరామప్ప ఇంటి ముందర పందిరి వేసినారు. స్వామిని పీట మీద కూర్చోబెట్టినారు. పోలీసు దఫేదారు పానకానికి వచ్చి, ఆయప్పనే చూస్తా నిలబడినాడు. ఎవరు చెప్పినారో, వాని కండ్లే చెప్పినాయో నాకు తెలీదు. "స్వామివారికి నా చేత్తో ఇస్తాను" అని చెంబు తీసి ఇచ్చినాడు. ఆ చెంబు మనదే, నేనే పానకం కలిపి తీసుకొనిపోయింది. వీధి వీధంతా చూస్తా ఉండాది.

నాకేం భయం లేదు. చుక్క పడకుండా ఎత్తి పోసుకుంటాడు, దఫేదారు మొక్కి పోతాడు అనుకున్నాను. వాడు చెంబు ఎత్తినాడు గూడా. ఎత్తి, నా దిక్కు చూసినాడు. మళ్ళీ దించి, అంచుకు నోరు పెట్టి, గటగటా అంతా తాగి, ముంజేత్తో మూతి తుడుచుకున్నాడు. కాషాయం జారి మచ్చ బయటపడింది. ఆ తుడుచుకునేది గూడా కావాలనే.

దఫేదారు చెయ్యి పట్టుకున్నాడు. జయరామప్ప ఏడుస్తా, "నెల దినాలు నీ కాళ్ళకు మొక్కితిని గదరా, నా మొక్కులు వాపసు ఇయ్యి" అని మీద పడినాడు. నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ సిగ్గుతోనే అతను ఊరు దాటలేదు, నిన్నటిదాకా.

"ఏమవ్వా, నీ ఇంట్లో ఉండాడే, నీకు తెలీలేదా" అని దఫేదారు నన్ను అడిగినాడు. నేను నోరు తెరిచేలోపల తనే అన్నాడు, "తెలిసి పెట్టుకున్నోళ్ళయితే నీళ్ళు తాగేదన్నా నేర్పించి ఉంటారులే." వీధంతా మోసపోయింది, నేనూ మోసపోయినాను అని రాసుకొని పోయినాడు. నిన్ను గురించి ఎవరూ అడగలేదు. నీ ఉద్యోగానికి ఏమీ కాదు.

గోవా పోవాల్సినోడు పోలేదు. ఉగాది మర్నాడే పొమ్మని సద్ది కట్టి ఇచ్చినాను. దాన్ని తిని మళ్ళీ గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

ఇంగ నీ సంగతి. నేను అడగమన్నది నువ్వు అడిగినావు. వాడు తల వంచుకొని రెండు ముక్కలు చెప్పినాడు. నువ్వు నా దిక్కు తిరిగి లారీలు, నీళ్ళు, టోపీలు, ఓడ అని అంత పొడుగు చెప్పినావు. నాకు ఇంగ్లీషు రాదు గాని, రెండు ముక్కలకూ అంత కథకూ తేడా తెలీనంత ఎర్రిదాన్ని కాను. ఆమీద వాడు ఒకతూరి "కదిరప్ప" అన్నాడు. దానికి నువ్వు నాకు ఏమీ చెప్పలేదు. నేను నమ్మినట్టు లేచి మగ్గం కాడికి పోయినాను. నీ మొహం చూడలేక.

బూడిదలో వాడు గీసిన విమానం కింద చుక్కలు గూడా గీసినాడు. ఆ చుక్కలు బాంబులని నాకు తెలీదనుకొంటివా? సొల్లూం మీద అవి వేసింది వీడేనని నువ్వు దాచిన వాక్యం నాకు తెలుసు. అడగాల్సింది అడిగేదాకా వాడు చావకూడదని అన్నం పెట్టినాను. అడిగినాక ఎందుకు పెట్టినానో నాకే తెలీదు.

చెంబు ఇంకా తోమలేదు. మూల పెట్టినాను. ఎంగిలి ఇంట్లో పెట్టుకున్నావని జయరామప్ప పెండ్లాం తిడతా ఉండాది.

ఇప్పుడు వాడు చెప్పింది రాయి. వాడు చెప్పినంతే రాయి. నేనే చదువుకుంటాను.

అంజినమ్మ


బళేపేట, బెంగళూరు
9 ఏప్రిల్ 1942, జయరామప్ప చేత

అత్తా,

నేను అతన్ని ఇలా అడిగాను: "సొల్లూం దారి మీద బాంబులు వేసింది నువ్వేనా? ఆ రోజు కింద ఉన్న మనుషుల్లో ఎవరినైనా ప్రాణాలతో పట్టుకోవడం చూశావా? ఈమె కొడుకు అక్కడ ఉన్నాడు."

అతను చెప్పింది ఇది: "మనుషులు కనబడరు. దారి ఒక్కటే."

తర్వాత కొడుకు పేరు ఏమిటని అడిగాడు. చెప్పాను. పలకడం రాక ఇంకోసారి చెప్పించుకుని, తనంతట తాను పలికాడు. నువ్వు విన్నది అదే. దానికి తెలుగులో నీకు ఏమని చెప్పాలో నాకు తోచలేదు.

అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ లారీలు, ఓడ, టోపీలు, ఆ నీళ్ళు నావి. నీ కోసమే చెప్పాననుకున్నాను. కానీ బస్సులో తిరిగి వస్తూ ఆ నీళ్ళు బావకు దొరికాయా లేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, అవి నాకూ కావలసి వచ్చాయని.

గుమాస్తా దగ్గరికి నిన్న మళ్ళీ వెళ్ళాను. కాగితం రాలేదు.

అతను బావ పేరు అడిగాడు కదా, నేను మాత్రం అతని పేరు అడగలేదు. నువ్వూ అడిగి ఉండవు. ఇప్పుడు క్యాంపుకు వెళ్ళి అడగడానికి కూడా లేదు.

శనివారం మధ్యాహ్నం బడి లేదు, బస్సుకు వస్తాను. చెంబు ఎవరినీ ముట్టుకోనివ్వకు. నేను వచ్చి తోముతాను.

భాగీరథి